బలాలు సమానమైతే బండి ఆగిపోవాలి కదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి "సంతులిత బలాలు పనిచేస్తే వస్తువు కదలదు" అని పరీక్షలో రాసింది. టీచరు తప్పు పెట్టి, పక్కన "మరి సమవేగంతో వెళ్ళే రైలు?" అని ఎర్ర సిరాతో రాశారు. మీరు అమ్మాయి పక్షం. ముందుకు లాగేదీ వెనక్కి పట్టేదీ సమానమైతే బండి నిలిచిపోవాలి కదా, లాగేది ఎంతో కొంత ఎక్కువ ఉండబట్టే కదా బండి వెళ్తోంది అని అడుగుతున్నారు.

టీచరు తప్పు పెట్టడం సరైనదే. తిన్నగా, సమతలంగా ఉన్న పట్టాల మీద బండి గంటకు 60 కిలోమీటర్ల దగ్గర స్థిరంగా పోతోందంటే, ఇంజను లాగే బలమూ వెనక్కి పట్టే బలమూ ఆ సమయంలో సమానం. మీరన్నట్టు లాగేది "ఎంతో కొంత ఎక్కువ" ఉంటే ఆ వేగం 60 దగ్గర ఉండదు. 61, 62, 63 అని పెరుగుతూ పోతుంది. బండి కదులుతోందా అని చూస్తే బలాల సంగతి తెలియదు. స్పీడోమీటరు ముల్లు కదులుతోందా అని చూడాలి. ముల్లు ఎక్కుతుంటే ఫలిత బలం ముందుకు ఉన్నట్టు, దిగుతుంటే వెనక్కి ఉన్నట్టు, నిలకడగా ఉంటే ఫలిత బలం సున్నా. ముల్లు సున్నా మీద నిలకడగా ఉన్నా, 60 మీద నిలకడగా ఉన్నా లెక్క ఒకటే.

నేను భౌతికశాస్త్రం పండితుణ్ణి కాను. మూడు దశాబ్దాలకు పైగా రైలింజను నడిపి రిటైరైన మనిషిని. మేము చేరినప్పుడు డ్రైవర్లు అనేవారు, తరువాత లోకో పైలట్లమయ్యాము. పని అదే. మీ అమ్మాయి కాగితం మీద చేసిన తప్పును నేను పట్టాల మీద చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

విశాఖపట్నం దగ్గరి కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే లైను గురించి వినే ఉంటారు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేసిన లైను అది. ఖనిజంతో నిండిన బండి తూర్పు కనుమలు దిగి రావాలి. ఎక్కే బండిని లాగడం కష్టమనీ, దిగే బండికి పనే లేదనీ బయటివాళ్ళు అనుకుంటారు. మాకు గుండె గుబగుబలాడేది దిగేటప్పుడే.

కొత్తగా గూడ్సు బండి చేతికొచ్చిన రోజులు. ఆ రోజు ఘాట్‌లో మాకు అనుమతించిన వేగం 30. వాలు మొదలయ్యే చోట బ్రేకు వేయడంలో కాస్త ఆలస్యం చేశాను. ముల్లు 28, 31, 35 అని ఎక్కింది. డైనమిక్ బ్రేకు (ఇంజను మోటార్లతోనే బండిని పట్టే బ్రేకు) పెంచుతూ పోయాను. 38 దగ్గర ముల్లు నిలిచింది. "అమ్మయ్య, పట్టింది" అనుకుని చేతులు తుడుచుకున్నాను. క్యాబ్‌లో మాతో వస్తున్న లోకో ఇన్‌స్పెక్టరు గారు నింపాదిగా అడిగారు.

"ముల్లు దిగడం లేదేమయ్యా?"

"బ్రేకు పట్టింది సార్, దిగుతుంది."

"పట్టింది. 38 దగ్గర పట్టింది. ఇలాగే ఉంచితే కింది స్టేషను దాకా 38లోనే వెళ్తావు."

నా బుర్రలో ఉన్న లెక్క ఏమిటంటే, బ్రేకు బలం వాలు లాగే బలానికి సమానమైతే బండి నెమ్మదించాలి అని. సమానమైతే నెమ్మదించదు, ఉన్న వేగంలో ఉండిపోతుంది. ఆయన చెప్పినట్టు ఎయిర్ బ్రేకు అదనంగా వేశాను. వెనక్కి పట్టేది ఎక్కువైంది, ముల్లు మెల్లగా దిగింది. 29 దగ్గరికి రాగానే ఆ అదనపు బ్రేకు వదిలించారు. మళ్ళీ డైనమిక్ బ్రేకు ఒక్కటే మిగిలింది. ముల్లు 29 దగ్గర నిలిచిపోయింది. 38 దగ్గర బండిని పట్టి ఉంచిన బ్రేకు బలమూ 29 దగ్గర పట్టి ఉంచిన బలమూ దాదాపు ఒకటే అన్న సంగతి ఆ రోజు నాకు మింగుడుపడలేదు. క్వార్టర్స్‌కు వెళ్ళి కాగితం తీసి లెక్క వేసుకున్నాక గానీ నిద్ర పట్టలేదు.

ఆ లెక్క ఇక్కడ పెడతాను. మీ అమ్మాయికి ఇది కష్టం కాదు. ఒక టన్ను బరువు అంటే 9,800 న్యూటన్లు. 60 మీటర్లు వెళ్తే ఒక మీటరు దిగే వాలు అనుకోండి. ఆ వాలు వెంబడి ప్రతి టన్నూ 9,800లో అరవయ్యో వంతు, అంటే 163 న్యూటన్ల బలంతో కిందికి లాగుతుంది. బండి 3,000 టన్నులైతే మొత్తం 490 కిలోన్యూటన్లు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం చాలా తక్కువ, నెమ్మది వేగాల్లో టన్నుకు సుమారు 15 నుంచి 20 న్యూటన్లు. 20 వేసుకున్నా మొత్తం 60 కిలోన్యూటన్లు. తక్కిన 430 కిలోన్యూటన్లూ బ్రేకు పట్టాలి. పట్టినంత సేపూ బండి ఏ వేగంలో ఉందో ఆ వేగంలోనే దిగుతుంది. ఈ కూడికలో వేగం ఎక్కడా రాలేదు చూడండి. (గాలి నిరోధం వేగంతో పాటు పెరుగుతుంది, నిజమే. ఇంత నెమ్మది బండికి దాన్ని పక్కన పెట్టవచ్చు.)

ఆ 430 కిలోన్యూటన్ల బ్రేకు పని ఎక్కడికి పోతుందని ఎవరైనా అడగవచ్చు. పాత ఇంజన్లలో మోటార్లనే జనరేటర్లుగా తిప్పి, వచ్చిన కరెంటును రెసిస్టెన్సుల్లో వేడిగా ఊదేసేవాళ్ళం. ఇప్పటి త్రీఫేజ్ ఇంజన్లు దాన్ని పై తీగలోకే తిప్పి పంపుతాయి. దిగే బండి పంపిన కరెంటుతో ఎక్కే బండి నడవవచ్చు. ప్రశ్నకు సంబంధం లేని మాటే, కానీ నాకు ఇష్టమైన సంగతి కాబట్టి రాశాను.

ఇప్పుడు మీ అసలు సందేహం, సమతలం మీద లాగే బండి. సరుకుల బండ్లకు ఎక్కువగా వాడే డబ్ల్యూఏజీ-9 ఇంజను తీసుకుందాం. 6,120 అశ్వశక్తి, బయలుదేరేటప్పుడు గరిష్ఠంగా సుమారు 460 కిలోన్యూటన్లు లాగగలదు. ఇంజనుతో కలిపి బండి 4,000 టన్నులు అనుకోండి. దొర్లుడు నిరోధం 80 కిలోన్యూటన్లు. ఇంజను పూర్తిగా లాగితే ఫలిత బలం 380. దాన్ని 40 లక్షల కిలోల ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం సెకనుకు సెకనుకు 0.095 మీటర్లు. అంటే నిమిషం గడిచేసరికి వేగం గంటకు 20 కిలోమీటర్లు. అంత పెద్ద బలం, ఇంత చిన్న ఫలితం. గూడ్సు బండి కదిలే తీరు మీరు ప్లాట్‌ఫారం మీద చూసే ఉంటారు. నిజానికి ఏ డ్రైవరూ ఒక్కసారిగా పూర్తి బలం పెట్టడు. కప్లింగుల (వ్యాగన్లను కలిపే కొక్కేల) మధ్య ఉండే సందు కొద్దికొద్దిగా బిగుసుకోవాలి, లేకపోతే బండి రెండు ముక్కలవుతుంది.

వేగం పెరిగే కొద్దీ రెండు మార్పులు జరుగుతాయి. ఇంజను శక్తికి హద్దు ఉంది కాబట్టి అది లాగగలిగే బలం తగ్గుతూ వస్తుంది. 6,120 అశ్వశక్తి అంటే సుమారు 4,500 కిలోవాట్లు. ఆ లెక్కన 60 దగ్గర గరిష్ఠంగా 270 కిలోన్యూటన్లు, 90 దగ్గర 180 మాత్రమే. మరోవైపు గాలి నిరోధం పెరుగుతుంది. తగ్గేది ఒకటి, పెరిగేది ఒకటి. రెండూ ఒకచోట కలుస్తాయి. అక్కడ ముల్లు నిలిచిపోతుంది. మా రైల్వే భాషలో దీన్ని బ్యాలెన్సింగ్ స్పీడ్ అంటారు. "సమతూకం కుదిరిన వేగం" అని పేరులోనే ఉంది. బలాలు సమమైతే బండి ఆగిపోయేదైతే ఈ మాటే పుట్టేది కాదు.

ఇదే బండి 150 మీటర్లకు ఒక మీటరు ఎక్కే చోటికి వచ్చిందనుకోండి. కంటికి ఆ ఎక్కుడు కనిపించదు కూడా. కానీ బరువు వెనక్కి లాగేది ఏకంగా 261 కిలోన్యూటన్లు, దొర్లుడు నిరోధంతో కలిపి 341. 60లో వస్తున్న బండిని ఇంజను 270 కంటే ఎక్కువ లాగలేదు. వెనక్కి పట్టేది ఎక్కువ. అయినా బండి ముందుకే వెళ్తోంది! వెనక్కి ఫలిత బలం ఉన్నంత మాత్రాన వెనక్కి నడవదు, వేగం మాత్రం కోల్పోతుంది. 55, 50 అని దిగే కొద్దీ ఇంజను బలం పుంజుకుంటుంది. సుమారు 47 దగ్గర లాగుడు 341కి చేరుతుంది, ముల్లు నిలుస్తుంది. మీ అమ్మాయికి ఈ ఒక్క ఉదాహరణ చెప్పినా చాలు. సమతలం మీద ఒక బ్యాలెన్సింగ్ స్పీడ్, ఎక్కుడు మీద ఇంకొకటి. ఎక్కుడు 100కు 1 అయితే వెనక్కి పట్టేది 472. ఇంజను గరిష్ఠ లాగుడే 460. అలాంటి చోట బండి ఆగితే ఆ ఒక్క ఇంజనుతో మళ్ళీ బయలుదేరదు, వెనుక నుంచి నెట్టడానికి బ్యాంకర్ ఇంజను రావాలి.

ఇక నాచ్ (ఇంజను లాగుడును మెట్లుగా పెంచే, తగ్గించే పిడి) సున్నా చేసి బండిని దాని మానాన వదిలేస్తే? కోస్టింగ్ అంటారు, కరెంటు ఆదాకు మేము రోజూ చేసే పనే. అప్పుడు లాగే బలమే లేదు, వెనక్కి పట్టేది ఒక్కటే ఉంది. అది టన్నుకు 20 న్యూటన్లు కాబట్టి వేగం సెకనుకు సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున మాత్రమే తగ్గుతుంది. గాలిని వదిలేసి లెక్కవేస్తే 60లో ఉన్న బండి సమతలం మీద ఆగడానికి 14 నిమిషాలు, దాదాపు 7 కిలోమీటర్లు పడుతుంది. మన సందేహానికి మూలం ఇక్కడ ఉందని నాకు అనిపిస్తుంది. ఎడ్లబండి, తోపుడు బండి, గచ్చు మీద జరిపే బీరువా, ఇవన్నీ నెట్టడం ఆపగానే ఆగిపోతాయి. దాంతో "బలం ఉంటేనే కదలిక" అని చిన్నప్పుడే మనసులో పడిపోతుంది. నిజానికి ఆ బీరువాను ఆపింది కూడా ఒక బలమే, ఘర్షణ. అది కంటికి కనిపించదు. ఘర్షణ తక్కువైన చోట, 4,000 టన్నుల బండి మీద, ఆ భ్రమ 7 కిలోమీటర్లు సాగాక గానీ వదలదు.

పిల్లలు బొమ్మ గీసేటప్పుడు చేసే ఇంకో పొరపాటు మన భాష వల్ల కూడా వస్తుంది. బండికి "ఊపు" ఉంది అంటాము. ఆ ఊపును ముందుకు నెట్టే బలంగా అనుకుని స్వేచ్ఛా వస్తు పటంలో (వస్తువు మీద పనిచేసే బలాలను బాణాలతో చూపే బొమ్మలో) దానికీ ఒక బాణం గీస్తారు. ఊపు బండికి ఉన్నది, బండి మీద ఇంకెవరో చూపిస్తున్నది కాదు. బాణం గీసే ముందు "ఈ బలం ఎవరు చూపిస్తున్నారు?" అని అడగమనండి. పట్టా, గాలి, భూమి, కప్లింగు అని జవాబు రావాలి. "అదే వెళ్తోంది కాబట్టి" అన్నది జవాబైతే ఆ బాణం కొట్టేయాలి.

పట్టా అన్నాను కాబట్టి ఒక మాట. బండిని మొత్తంగా తీసుకుంటే ముందుకు నెట్టేది ఇంజను కాదు, పట్టా. చక్రం పట్టాను వెనక్కి నెడుతుంది, పట్టా చక్రాన్ని ముందుకు నెడుతుంది. వాన చినుకులు పడి పట్టా మీద పలచటి తడి చేరితే ఎంత అశ్వశక్తి ఉన్నా చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అప్పుడు చక్రాల ముందు ఇసుక చల్లుతాము.

దీని వెంటే వచ్చే ప్రశ్న మీరు అడగలేదు గానీ మీ అమ్మాయి రేపు అడుగుతుంది. వ్యాగన్లను ఇంజను ఎంత బలంతో లాగుతుందో, ఇంజనును వ్యాగన్లు అంతే బలంతో వెనక్కి లాగుతాయి. మరి ఆ రెండూ కొట్టుకుపోవా? పోవు. ఒకటి వ్యాగన్ల మీద పనిచేస్తోంది, రెండోది ఇంజను మీద. సంతులితం అని తేల్చడానికి రెండు బలాలూ ఒకే వస్తువు మీద ఉండాలి. ఇద్దరి అప్పులు ఒకే ఖాతాలో రాస్తే లెక్క కుదరదు.

బలాలు సమమై వస్తువు కదలకుండా ఉండే సందర్భాలూ ఉన్నాయి, మీ అమ్మాయి పూర్తిగా తప్పు కాదు. యార్డులో నిలిపిన వ్యాగను అలాంటిదే. కాకపోతే అక్కడ సమతూకం తెగితే ఏమవుతుందో రైల్వేవాళ్ళకు బాగా తెలుసు. స్టేషన్ యార్డుల వాలు 1,200కు 1 ఉండాలని మన రైల్వే సిఫారసు, 400కు 1 కంటే ఎక్కువ కావాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఈ అంకెలు ఎందుకో పై లెక్కతో తెలుసుకోవచ్చు. 1,200కు 1 వాలు మీద టన్నుకు 8 న్యూటన్లు మాత్రమే కిందికి లాగుతాయి, దొర్లుడు నిరోధమే దాన్ని పట్టి ఉంచుతుంది. 400కు 1 అయితే 24.5. అది నిరోధాన్ని దాటేస్తుంది. హ్యాండు బ్రేకు సరిగా బిగించకపోతే వ్యాగను ఎవరూ నెట్టకుండానే బయలుదేరుతుంది, మొదట మనిషి నడక కంటే నెమ్మదిగా. ఆ నెమ్మదిని చూసి మోసపోకూడదు. ఫలిత బలం ఎంత చిన్నదైనా, పనిచేస్తున్నంత సేపూ వేగం పెరుగుతూనే ఉంటుంది.

ఒక మినహాయింపు రాయకపోతే టీచరు గారు నన్నూ తప్పు పడతారు. ముల్లు సూత్రం తిన్నటి పట్టాల మీదే పూర్తిగా చెల్లుతుంది. వంపులో బండి 60 దగ్గరే నిలకడగా ఉన్నా బలాలు సంతులితం కావు, ఎందుకంటే దిశ మారుతోంది. పట్టాలు బండిని వంపు లోపలి వైపుకు నెడుతుంటాయి. అందుకే అక్కడ బయటి పట్టాను కాస్త ఎత్తు చేసి వేస్తారు. పాఠ్యపుస్తకం "వడి", "వేగం" అని రెండు మాటలు వాడేది ఈ తేడా కోసమే. మామూలు మాటల్లో రెంటినీ వేగం అనే అంటాము, ఇంతసేపూ నేనూ అలాగే రాశాను. పరీక్షలో మాత్రం వడి అంటే ఎంత అన్నది మాత్రమే, వేగం అంటే ఎంత, ఎటు అన్నవి రెండూ. స్పీడోమీటరు చూపేది వడి. వంపులో వడి మారదు, వేగం మారుతుంది.

పరీక్షలో ఏమి రాయాలంటే, "సంతులిత బలాలు పనిచేస్తే వస్తువు గమన స్థితి మారదు. నిశ్చలంగా ఉంటే నిశ్చలంగానే, కదులుతుంటే అదే వేగంతో సరళరేఖలో కొనసాగుతుంది. అసంతులిత బలం పనిచేస్తే వేగం పెరగవచ్చు, తగ్గవచ్చు, లేదా దిశ మారవచ్చు." ఈ మూడు వాక్యాలు చాలు.

దీన్ని నమ్మడానికి మాత్రం ఈసారి రైల్లోనో మెట్రోలోనో వెళ్ళేటప్పుడు ఒక జానెడున్నర దారానికి తాళంచెవి కట్టి అమ్మాయి చేతికివ్వండి. బండి ఆగి ఉన్నప్పుడు అది నిట్టనిలువుగా వేలాడుతుంది. బయలుదేరగానే వెనక్కి వాలుతుంది. మెట్రోలో అయితే రెండు మూడు సెంటీమీటర్ల దాకా తేడా కనిపించవచ్చు, ఎక్స్‌ప్రెస్ బండిలో చాలా కొద్దిగా. బ్రేకు వేస్తే ముందుకు, వంపులో పక్కకు. బండి మంచి వేగం అందుకుని నిలకడగా పోతున్నప్పుడు, కుదుపుల వల్ల కొద్దిగా ఊగినా, స్టేషన్లో ఉన్నప్పటిలాగే నిలువుగా వేలాడుతుంది. ఆ సమయంలో అమ్మాయిని కళ్ళు మూసుకుని, తాళంచెవి తీరును బట్టి బండి ఆగి ఉందో వెళ్తోందో చెప్పమనండి. ఏమి చెప్పిందో ఇక్కడ రాయండి.